రక్తం అడిగేది గ్రూపు, కులం కాదు





బెంజ్ సర్కిల్ సంగతి మీకు తెలిసిందే. రెండు జాతీయ రహదారులు కలిసే చోటు. యాక్సిడెంటు కేసులూ, ఉయ్యూరు, పామర్రు వైపు నుంచి వచ్చే రోగులూ ఆ చుట్టుపక్కల ఆసుపత్రులకే చేరతారు. అక్కడ ఓ పెద్దాయనకి ఆపరేషన్. 'ఓ' పాజిటివ్ రక్తం కావాలి, నిల్వ లేదు. కొడుకు ముందుకొచ్చాడు. అతనిది 'ఏ' గ్రూపు, పనికిరాదన్నారు. మన పేట కుర్రాడిది 'ఓ' పాజిటివ్ అని తెలిసి నేనే వెంటబెట్టుకెళ్లాను. పెద్దాయన తమ్ముడు వాణ్ణి ఎగాదిగా చూసి, "మీరెవరు బాబూ?" అన్నాడు. ఆయన అడిగింది పేరు కాదండీ.

వాడు నవ్వి, "రక్తం పరీక్ష చేస్తారు కదండీ, అందులో తెలుస్తుందేమో చూడండి" అన్నాడు.

1956 మే నెలలో బీబీసీ రేడియో ప్రసంగంలో, తనకు బౌద్ధం ఎందుకు ఇష్టమో చెబుతూ బాబాసాహెబ్ మూడు మాటలన్నారు: ప్రజ్ఞ, కరుణ, సమత. ఈ మూడూ ఆ రోజు ఆసుపత్రిలో మా ఎదుటే నిలబడ్డాయి.

మొదటిది ప్రజ్ఞ. ఒకప్పుడు మనిషి రక్తం మనిషికి ఎక్కిస్తే కొందరు బతికేవారు, కొందరు పోయేవారు. అంతా తలరాత అనుకునేవారు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టీనర్ రక్తంలో గ్రూపులున్నాయని తేల్చాడు. తలరాత కాదు, కారణం ఉంది. 'ఓ' గ్రూపు మనిషి ఒంట్లో 'ఏ', 'బి' కణాలను ఎదిరించే పదార్థాలుంటాయి. కన్నకొడుకు రక్తమైనా సరే, గ్రూపు కుదరకుండా ఎక్కిస్తే ఆ కణాలు పగిలి, కిడ్నీలు చెడి, తండ్రి ప్రాణమే పోవచ్చు. ప్రజ్ఞ లేని ప్రేమ చంపుద్ది కూడా. కిడ్నీకైనా గ్రూపు కుదరాలి. భార్య కిడ్నీ భర్తకు కుదరకపోతే, అలాంటి ఇంకో జంటతో మార్పిడి చేసుకునే వీలు 2011 నాటి చట్టసవరణ ఇచ్చింది. అప్పుడు ఆ జంట కులం అడుగుతూ కూర్చుంటారా?

రెండోది కరుణ. విరేచనాలతో మలంలోనే పడివున్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడితో కలిసి, స్వయంగా కడిగి పడుకోబెట్టాడు. మనమేమో రక్తమిస్తే నీరసమని భయపడతాం. తీసేది బరువును బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లు. 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్, మంచి ఆరోగ్యం ఉంటే చాలు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు.

మూడోది సమత. తిరిగొస్తుంటే బస్సులో ఆ కుర్రాడు అడిగాడు: "అన్నా, మనల్ని ఊరవతల పెట్టినోళ్లకి మనమెందుకివ్వాలి?"

ఆ కోపం న్యాయమైందే. నేనన్నాను: "తమ్ముడూ, మన తాతలు వాళ్లకి వెట్టి చేశారు. అది కాదనే హక్కు లేని చాకిరీ. నువ్వు ఇవాళ కాదనగలిగి కూడా ఇచ్చావు. ఇది వెట్టి కాదు, దానం. దానం చేసేవాడు ఎవరికీ తక్కువ కాదు."

పెద్దాయన బతికాడు. తమ్ముడి మనసు మారిందో లేదో నాకు తెలియదు. కానీ ఒక్కమాట మనకు మనం చెప్పుకోవాలి. మనలో మనం మాల, మాదిగ అని చూసుకుంటే, "మీరెవరు బాబూ?" అన్న ఆయనకీ మనకీ తేడా ఏముంది? పుట్టుకతో ఎవడూ నీచుడు కాడు, చేతలతోనే అవుతాడని వసలసుత్తంలో బుద్ధుడు చెప్పింది మనకూ వర్తిస్తుంది.

ఈ అక్టోబరు 14న, ధమ్మదీక్ష రోజున, ఇంటిల్లిపాదీ గ్రూపు పరీక్ష చేయించుకోండి. కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోనొస్తే లేచి వెళ్లండి. ఎవరికని అడగొద్దు, ఏ గ్రూపని అడగండి.

భవతు సబ్బమంగళం. జై భీమ్!