ప్రాణం ఎవరి సొత్తు?

గత ఆదివారం పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర ఒక తండ్రి నన్ను ఆపి, "ఫాదర్ గారూ, మావాడు మోటారు సైకిలు రేసులు నేర్చుకుంటానంటున్నాడు. ప్రాణంతో చెలగాటం పాపం కాదా?" అని అడిగారు. ఔననడానికీ నోరు రాలేదు, కాదనడానికీ రాలేదు. "పత్రికలో రాస్తానులెండి" అని అప్పటికి తప్పించుకున్నాను.

ప్రశ్న పాతదే. పిరికితనం ఒక చివర, దుడుకుతనం మరో చివర ఉంటే, ధైర్యం ఆ రెంటి నడుమ ఉంటుందని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. 13వ శతాబ్దంలో పునీత తోమా అక్వినాసుగారు ఇంకొంచెం లోతుకు వెళ్ళారు. ఎంత అపాయానికి ఎదురు నిలిచావన్నదానికన్నా, ఏ మేలు కోసం నిలిచావన్నదే ఆయన దృష్టిలో ముఖ్యం. గురువిద్యాలయంలో ఈ పాఠం కంఠస్థం చేసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. జోయి డన్లప్ కథ తెలిసిన తర్వాతే అందులోని చిక్కు తెలిసివచ్చింది.

జోయి ఉత్తర ఐర్లాండులో బాలీమనీ అనే చిన్న పట్టణం దగ్గర 1952లో పుట్టాడు. ఆ ఊళ్ళోనే ఒక చిన్న బార్ నడుపుకునేవాడు. బిడియస్తుడు, మాట తక్కువ. అలాంటి మనిషి ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో జరిగే టి.టి. రేసుల్లో 26 సార్లు గెలిచాడు. ఆ రేసుకు ప్రత్యేకంగా కట్టిన ట్రాకు లేదు. ఊళ్ళ మధ్య నుంచి, కొండ మీదుగా పోయే మామూలు రోడ్డునే రేసు రోజుల్లో మూసి ఉంచుతారు. ఒక చుట్టు 60 కిలోమీటర్ల పైమాటే. ఇరుపక్కలా రాతి గోడలు, ఇళ్ళు, దీపస్తంభాలు. ఆ దారిలో 2023లో ఒక రేసరు సగటున గంటకు 219 కిలోమీటర్ల వేగంతో చుట్టు పూర్తి చేశాడంటే, మిగతాది మీరే ఊహించుకోండి. 1911 నుంచి అక్కడ 250 మందికి పైగా రేసర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. ఇటలీకి చెందిన జకొమొ అగోస్తీని అక్కడ 10 సార్లు గెలిచిన మేటి. 1972లో తన స్నేహితుడు జిల్బెర్తో పార్లొత్తి ఆ రోడ్డు మీదే చనిపోయాక, ఇక అక్కడ రేసుకు దిగనన్నాడు, దిగలేదు. 1976 తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్ నుంచి ఆ రేసునే తొలగించారు. ఆ మరుసటి ఏడే, 1977లో, జోయి అక్కడ తొలిసారి గెలిచాడు. వీరిద్దరిలో ధీరుడెవరు? అంతటి పేరు ఉండి కూడా "రాను" అని చెప్పడానికి అగోస్తీనికి తక్కువ గుండె కావలసిరాలేదని నా అభిప్రాయం.

అయితే జోయి చేసిన ప్రయాణాలు మరికొన్ని ఉన్నాయి. రేసులు లేని రోజుల్లో వ్యానులో తిండి సామాను, బట్టలు నింపుకుని, తరచు ఒంటరిగానే రుమేనియా, అల్బేనియా, యుద్ధంతో చితికిన బోస్నియాల దాకా నడుపుకుంటూ వెళ్ళి అనాథ పిల్లలకు ఇచ్చి వచ్చేవాడు. ఆ సేవకే 1996లో బ్రిటిషు ప్రభుత్వం అతణ్ణి గౌరవించింది. తోమాగారి లెక్కన వ్యాను నడిపింది ధైర్యం, రేసు బండి నడిపింది దుడుకుతనం అని తేల్చేయవచ్చు. నేను అంత తేలికగా తేల్చలేకపోతున్నాను. రెంటినీ నడిపినవి అవే చేతులు. అలాగని, మేలు చేసిన చేతులు కదా అని ఆ అపాయం ఒప్పయిపోదు.

2000 జూన్‌లో, 48 ఏళ్ళ వయసులో, జోయి ఆ ద్వీపంలో మూడు రేసులు గెలిచాడు. జూలై 2న ఎస్తోనియా దేశంలోని టాలిన్‌లో, తడి రోడ్డు మీద బండి జారి చెట్లను ఢీకొని మరణించాడు. ఇంటి దగ్గర భార్య, అయిదుగురు పిల్లలు. అంత్యక్రియలకు సుమారు 50,000 మంది వచ్చారు. ముప్ఫై ఏళ్ళు కతోలికులు, ప్రొటెస్టెంట్లు పగలు పెంచుకున్న గడ్డ మీద ఆ రోజు ఇరువర్గాల వారూ పక్కపక్కన నిలబడ్డారు.

కథ అక్కడితో ఆగలేదు. 2008 మే 15న తమ్ముడు రాబర్ట్ ఒక రేసు అభ్యాసంలో చనిపోయాడు. రెండు రోజులకే రాబర్ట్ కొడుకు మైఖేల్, నిర్వాహకులు వద్దంటున్నా వినకుండా, అదే చోట రేసుకు దిగి గెలిచాడు. 2018లో మైఖేల్ అన్న విలియం కూడా అలాగే పోయాడు. అయినా మైఖేల్ మానలేదు. 2024లో పెదనాన్న రికార్డును దాటాడు. వాళ్ళ అమ్మ సంగతి తలుచుకుంటే నాకు మాట రాదు.

"నా ప్రాణం, నా ఇష్టం" అంటారు కుర్రాళ్ళు. ప్రాణం జేబులోని చిల్లర లాంటిది కాదు. దాని మీద ఆధారపడి బతికేవాళ్ళున్నారు, దాన్ని కని పెంచినవాళ్ళున్నారు. అయినా డన్లప్‌లు కళ్ళు తెరుచుకునే వెళ్ళారు, మూసిన రోడ్డు మీద, అపాయం తెలిసి వచ్చిన తోటి రేసర్ల మధ్య. మన హైవేల మీద రాత్రివేళ పందేలు కట్టే కుర్రవాళ్ళ సంగతి వేరు. గొర్రెలు తోలుకొచ్చే ముసలాయన ఏ పందేనికీ ఒప్పుకోలేదు. అది పాపమే. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఆ తండ్రిగారికి ఒక మాట. మీ వాణ్ణి వచ్చే ఆదివారం పూజ అయ్యాక నా దగ్గరికి పంపండి. తిట్టను. బండి ఎవరి డబ్బుతో కొంటున్నాడో, పడితే మంచం పక్కన ఎవరు కూర్చుంటారో అడుగుతాను. అగోస్తీని కథ కూడా చెబుతాను.