ఇంకా ఎవరైనా మిగిలారా?



మన విహారం నుంచో, సంఘం నుంచో ఎక్కడికైనా బస్సు మాట్లాడుకుని వెళ్లేటప్పుడు ముందుగా పేర్లు రాసుకుంటాం. ఆ కాగితం మీద ఉన్న పేర్లు మనందరికీ తెలుసు. లేని పేర్ల సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? ఈసారి ఆ సంగతే మాట్లాడుకుందాం. ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను.

మాది ధవళేశ్వరం. పోయిన చలికాలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని కొందరిని కోరింగ మడ అడవికి తీసుకెళ్దామని అనుకున్నాం. వాళ్లలో ఒకడికి చూపు లేదు. ఒకమ్మాయి చక్రాల కుర్చీలో ఉంటుంది. ఇద్దరికి బుద్ధి వయసుతో పాటు ఎదగలేదు. ఇంకొకడు పదకొండేళ్ల పిల్లాడు. ఆటిజం అంటారు. మాటలు లేవు. పెద్ద చప్పుడు వింటే చెవులు మూసుకుని పరిగెడతాడు.

ఆ పిల్లాడి పేరు నేను రాసుకోలేదు.

"ఈసారికి వద్దులేమ్మా. అక్కడంతా నీళ్లు, బురద. వాడి మంచికే చెబుతున్నాను" అన్నాను వాళ్లమ్మతో. ఆవిడ కోప్పడలేదు. "అందరూ వాడి మంచికే అంటారన్నా. బడోళ్లూ అదే అన్నారు, పెళ్లికి పిలిచినోళ్లూ అదే అన్నారు. మీరూ అదే అంటే ఇంక వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లను?" అంది.

ఇరవై ఏళ్లుగా సభల్లో వెలివేత గురించి మాట్లాడుతున్నాను. ఆ రోజు వెలి వేసింది నేనే. ద్వేషంతో చేసే వెలివేత మనకి వెంటనే తెలిసిపోతుంది, ఒళ్లు మండుతుంది. దయతో చేసే వెలివేత కనపడదు. చేసేవాడికి అసలే కనపడదు. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి ఆవిడతో, "నువ్వూ రామ్మా, వాడికి ఏది పడుతుందో ఏది పడదో నువ్వే మాకు చెప్పాలి" అని పేరు రాసుకున్నాను.

కోరింగ కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉంటుంది. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. మన ధవళేశ్వరం బ్యారేజీ దాటి గౌతమిగా సాగే గోదావరి, సముద్రంలో కలవబోయే ముందు పెంచిన అడవి అది. పోటుకి మునిగి, ఆటుకి తేలే నేల. ఆ బురదలో గాలి ఆడదు. అందుకని మడ చెట్ల వేళ్లు కొన్ని కిందికి పోకుండా, పెన్సిళ్లు పాతినట్టు పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. ఆ చెట్టుని మన పెరట్లో మామిడి చెట్టు పక్కన ఊహించుకుని, "నీ వేళ్లు తలకిందులుగా ఉన్నాయేంటి?" అని అడిగితే అజ్ఞానం ఎవరిది? చెట్టుదా, అడిగినవాడిదా?

చూపు లేని పిల్లాడికి మడ ఆకు చేతికిచ్చాం. ఆ ఆకుల్లోంచి ఉప్పు బయటికి వస్తుంది. తడిమి, వాసన చూసి, నాలుకకి తగిలించుకుని "ఉప్పు! ఉప్పు!" అని అరిచాడు. ఆ తర్వాత కళ్లున్న మేమంతా వరసగా ఆకులు నాకాం. చక్రాల కుర్చీ అమ్మాయి చెక్కల బాట మీద దడదడ చప్పుడికే నవ్వుతూ కూర్చుంది.

ఇక మా పిల్లాడు. నాలుగడుగులు వేసి ఒకచోట కూర్చుండిపోయాడు. లేవడు. మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోయారు. నాకు లోపల విసుగు. వాళ్లమ్మ "కాసేపు ఆగండన్నా" అంది. సరేనని పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి బురదలో కన్నాల్లోంచి చిన్న పీతలు బయటికొచ్చాయి. ఒక చెయ్యి మాత్రమే పెద్దగా ఉండే పీతలు. మనిషి కదిలితే లోపలికి పోతాయి, కదలకపోతే వస్తాయి. హడావుడిగా నడిచినవాళ్లకి అవి కనపడలేదు. వాడు గంటకి పైగా వాటినే చూశాడు. చెవులు ఒక్కసారి కూడా మూసుకోలేదు. ఇది అద్భుతమని చెప్పను. తిరుగు ప్రయాణంలో లారీ హారన్‌కి మళ్లీ ఏడ్చాడు. కానీ ఆ గంట వాడిది.

అక్కడే ఇంకో మాట విన్నాం. చూడ్డానికి వచ్చిన ఒకావిడ పిల్లల్ని చూసి "పాపం, ఏ జన్మలో ఏం చేసుకున్నారో" అంది. ఆవిడ అన్నందుకు బాధ లేదు. మాతో వచ్చిన మన ఉపాసిక ఒకామె "అంతేనండి, ఏం చేస్తాం" అని తలూపింది. అక్కడ కలుక్కుమంది.

మిత్రులారా, ఆ మాట ఎక్కడిదో గుర్తుపట్టారా? మన తాతలకి చెప్పిన మాటే అది. నువ్వు ఈ కులంలో పుట్టావంటే పోయిన జన్మలో పాపం చేశావు, కాబట్టి నోరు మూసుకుని పని చెయ్యి అన్నారు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని తేల్చి పారేశారు. పేదల, దీనుల స్థితికి రాజ్యం, సమాజం బాధ్యత తప్పించుకోవడానికి తప్ప ఇది ఇంకెందుకూ పనికిరాదన్నారు. మన మెడ మీద నుంచి తీసేసిన ఆ కాడిని మన ఇంట్లో పిల్లాడి మెడ మీద పెడదామా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో సమానత్వం కోసం ప్రయత్నిస్తామన్న మాట ఉంది. అందులో ఏ పిల్లాడికీ మినహాయింపు లేదు.

చందా కోసం వెళ్లినప్పుడు ఒక పెద్దాయన అడిగారు: "ఆయ్, వాళ్లకి అడవేం తెలుస్తాదండి? ఆ డబ్బులతో బట్టలు కొనివ్వచ్చు కదా?" ఆయన చెడ్డవాడు కాదు. కానీ 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు దగ్గరికి ఎందుకు నడిచారు? ఆ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని కాదు. అందరిలాగా మేమూ మనుషులమేనని చెప్పడానికి. మునిసిపాలిటీ ఆ చెరువుని అంతకు ముందే కాగితం మీద అందరికీ తెరిచింది. ఊరు తెరవనివ్వలేదు. ఇప్పుడూ అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదువు, ఉద్యోగమే కాదు, వినోదంలో, ఆటపాటల్లో కూడా అందరితో సమానంగా పాల్గొనే హక్కు ఉందని చెప్పింది. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. గడప దాటించాల్సింది మనం. బట్టలు ఇస్తే దానం. వెంట తీసుకెళ్తే మైత్రి.

చివరగా చూళపంథకుడి కథ. ఆయన నాలుగు నెలలు కష్టపడినా ఒక్క గాథ కూడా నోటికి పట్టలేదు. అన్న మహాపంథకుడు గొప్ప భిక్షువు. నీవల్ల కాదు, ఇంటికి పొమ్మన్నాడు. వైద్యుడు జీవకుడు సంఘాన్ని భోజనానికి పిలిస్తే, ఆ లెక్కలో తమ్ముణ్ణి కలపలేదు. ఆయన బుద్ధి మందగించడానికి అట్టకథ గత జన్మ కారణం చెబుతుంది. దాన్ని మనం పక్కన పెడదాం. బుద్ధుడు ఏం చేశాడో చూద్దాం. ఏడుస్తూ వెళ్లిపోతున్నవాణ్ణి వెనక్కి పిలిచాడు. గాథ ఇవ్వలేదు. తెల్లటి గుడ్డముక్క ఒకటి చేతికిచ్చి రుద్దుతూ ఉండమన్నాడు. గుడ్డ మాసిపోవడం చూసి ఆయన అనిత్యాన్ని గ్రహించాడు. చెప్పే పద్ధతి మారింది, నేర్చుకునేవాణ్ణి మార్చలేదు. ఇక జీవకుడి ఇంట్లో వడ్డనకి ముందు బుద్ధుడు పాత్ర మీద చెయ్యి అడ్డం పెట్టి, విహారంలో ఇంకా ఎవరైనా మిగిలారా అని అడిగాడు. మిగిలినవాణ్ణి పిలిపించాకే భోజనం సాగింది.

నేను మహాపంథకుణ్ణి అయ్యాను. ఒక తల్లి నన్ను వెనక్కి పిలిచింది.

ఈసారి మీరు యాత్ర కట్టినప్పుడు, అది గుంటుపల్లి గుహలకి కావచ్చు, బ్యారేజీ చూడ్డానికే కావచ్చు, ముందు ఆ పిల్లల తల్లుల్ని అడగండి. రద్దీ లేని రోజు చూసుకోండి. చూసే చోట్లు తగ్గించి, కూర్చునే సమయం పెంచండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి అడుగే బృందం అడుగు కావాలి. బస్సు కదిలే ముందు ఒక్కసారి డ్రైవర్‌ని ఆగమని చెప్పి అడగండి: మన పేటలో ఇంకా ఎవరైనా మిగిలారా?

నమో బుద్ధాయ. జై భీమ్.