చక్రాల మీది ఇల్లు

టెంపో ట్రావెలర్‌ని ఇల్లుగా మార్చుకుని రెండు నెలలు తిరిగాం. గిన్నెలు సర్దితేనే పక్క పరవగలం, పక్క మడిస్తేనే స్టవ్ వెలిగించగలం. ఇల్లు చిన్నదైతే చాకిరీ తగ్గుతుందనుకున్నాను. రోజుకి నాలుగుసార్లు ఊడ్చాను. నా సహచరుడు బండి నడిపాడు, లెక్క సరిపోయిందనుకున్నాడు.

తెల్లాపూర్ చేరాక మురికినీళ్ల ట్యాంకుని, కడుతున్న టవర్ల పక్క ఖాళీ జాగాలో నేనే వదిలేశాను. అవతల కూలీల రేకుల షెడ్లు. మా వ్యాన్‌కంటే పెద్దవేం కావు. గుమ్మం ఊడ్చుకుంటున్న ఒకామె చీపురు ఆపి, తనవైపు పారుతున్న సబ్బునురగని చూసింది. ఏమీ అనలేదు. కాలితో మట్టి తోసి అడ్డుకట్ట వేసుకుంది.

స్త్రీకి తనదైన గది కావాలని 1929లో వర్జీనియా వుల్ఫ్ రాసింది. ఎన్ని సభల్లో చెప్పానో ఆ మాట! ఆ గది కడిగిన నీళ్లు ఎవరి గుమ్మంలోకి పోతాయని ఒక్కసారీ అడగలేదు. ఆమె మళ్లీ మొదట్నుంచీ ఊడవడం మొదలుపెట్టింది.