ఇంటి గుట్టు – ధర్మము

“ఇంటిగుట్టు లంకకు చేటు” అని మన పెద్దలు సెలవిచ్చిరి. “కడుపు చించుకొన్న కాళ్ళమీద పడును” అనియు వారే సెలవిచ్చిరి. ఈ సామెతలను వినని తెలుగు బిడ్డ యుండడు. ఓఢ్రదేశమున తరతరములుగా కాపురముండు మన కుటుంబములలో వీనికి మరింత బలము గలదు. పరభాషవారి నడుమ కొలదిమందిగా నివసించువారికి, తమలోని లోపము బయటపడినచో నలుగురిలో నవ్వులపాలగుదుమను భయము సహజము. అయినను, అయినవారి తప్పును కప్పిపుచ్చుట ఎంతవరకు ధర్మము, ఎచ్చటినుండి అధర్మము అను ప్రశ్న మమ్ము చాలకాలముగా బాధించుచున్నది. ఇటీవల ఒక చలనచిత్రమును చూచిన పిమ్మట ఆ బాధ హెచ్చినది. ఆ రెంటిని గురించి నాలుగు మాటలు విన్నవించుటకే ఈ వ్యాసము.

మేము పండితులము గాము. మెట్రిక్యులేషన్ వరకు చదివి, ఒక కచేరీలో గుమాస్తాగా ముప్పది యేండ్లకు పైగా దస్త్రములు వ్రాసి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్నవారము. చలనచిత్రములందు మాకు రుచి తక్కువ. సెలవులకు వచ్చిన మా కుమారుడు “నాన్నగారూ, ఇందులో పాటలు లేవు, ఆర్భాటములు లేవు, ఒక్కసారి చూడండి” అని బలవంతపెట్టగా కూర్చుంటిమి. అడుగున వేసిన ఆంగ్ల వాక్యముల సాయమున కథ బోధపడినది. చిత్రము ముగిసిన పిమ్మట చాలసేపు మాకు మాట రాలేదు.

ఆ చిత్రము పేరు “వింటర్స్ బోన్”. డేనియల్ వుడ్రెల్ అను రచయిత 2006లో ప్రకటించిన నవల దీనికి మూలము. డెబ్రా గ్రానిక్ అను స్త్రీ దీనికి దర్శకురాలు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున ఓజార్క్ అను కొండసీమలో కథ నడచును. చిత్రీకరణయు అచ్చటనే జరిగినది. పెద్ద సంస్థల ధనముతోగాక, సుమారు 20 లక్షల డాలర్ల వ్యయముతో నిర్మింపబడిన స్వతంత్ర చిత్రమిది. హాలీవుడ్ లెక్కలో ఇది చేతిఖర్చు. అయినను 2010లో సన్‌డాన్స్ చిత్రోత్సవమున అమెరికా కథాచిత్రములకిచ్చు అగ్రబహుమానము దీనికి లభించెను. మరుసటి యేట ఆస్కార్ బహుమానములకు ఉత్తమ చిత్రముతో కూడ నాలుగు విభాగములలో పరిశీలనకు ఎంపికయ్యెను.

కథ చిన్నది. రీ డాలీ అను పదునేడేండ్ల పిల్ల కలదు. తల్లి మతి చలించి మూగవలె కూర్చుండును. తమ్ముడును చెల్లెలును పసివారు. తండ్రి జెస్సప్ దొంగచాటుగా మత్తుమందు వండు వృత్తిలో పట్టుబడి, తమ ఇంటిని, అడవి నేలను జామీనుగా వ్రాసియిచ్చి విడుదలై అదృశ్యమయ్యెను. విచారణ దినమున అతడు న్యాయస్థానమునకు రానిచో ఇల్లు పోవునని అధికారి వచ్చి చెప్పును. తండ్రిని వెదకుటకు ఆ పిల్ల మంచులో, చలిలో గడపగడపకు తిరుగును. ఆ కొండవాసులందరును ఒక విధముగా ఆమెకు చుట్టములే. అందరి దేహములందును కొంత డాలీల రక్తమే. జెస్సప్ ఏమయ్యెనో అందులో పలువురకు తెలియును. ఒక్కరును నోరు విప్పరు.

అపరాధ పరిశోధన కథలలో సామాన్యముగా నేరము చేసినదెవరు అనునది ప్రశ్న. ఇచ్చట అట్లు కాదు. తండ్రి మరణించెనని సగము కథ గడవకముందే మనకు తోచును. తన్ను తాను కాపాడుకొనుటకై అతడు తనవారి రహస్యములను అధికారులకు చెప్పెననియు, అందువలన తనవారే అతనిని చంపిరనియు క్రమముగా తెలియును. రీ హంతకుని పేరు అడుగదు, పగ తీర్పుమని కోరదు. ఇల్లు నిలుపుకొనుటకు తండ్రి మరణించెనను ఋజువు మాత్రమే ఆమెకు కావలెను. అందుకు ప్రతిఫలముగా ఆ వంశపు స్త్రీలే ఆమెను నెత్తురు కారునట్లు కొట్టుదురు. కడకు ఆ స్త్రీలే ఒక రాత్రి పడవలో ఆమెను చెరువునకు గొనిపోయి, నీటిలోని తండ్రి శవము చేతులను ఆమెచేతనే పట్టించి, యంత్రపు రంపముతో కోయుదురు. ఆ చేతులే న్యాయస్థానమునకు ఋజువగును. ఇల్లు దక్కును. హంతకుని పేరు ఎవరును చెప్పరు.

నటీనటులను గూర్చి రెండు మాటలు చెప్పకుండుట న్యాయము కాదు. మా యౌవనమున చూచిన నాటకములలో దుఃఖమన్న ఎలుగెత్తి ఏడ్చుట, కోపమన్న కన్నులెఱ్ఱజేయుట. రీ పాత్రధారిణి జెన్నిఫర్ లారెన్స్ ఈ రెంటిని చేయదు. ఆమె కట్టెలు కొట్టును, తమ్మునికి చెల్లెలికి తుపాకి పట్టుట నేర్పును, ఉడుతను ఒలిచి కూరకు సిద్ధముచేయును. ఆ పనుల నడుమనే ఆమె భయము, ఆమె పట్టుదల మనకు తెలియును. పినతండ్రియో పెదతండ్రియో, టియర్‌డ్రాప్ అని పిలువబడు తండ్రి సోదరునిగా జాన్ హాక్స్ నటించెను. మొదట ఆ పిల్ల మెడపట్టి బెదరించినవాడే, ఆమె దెబ్బలు తిని పడియున్నప్పుడు ఒంటరిగా వచ్చి “ఈమెకు నేను పూచీ” అన్నట్లు నిలుచును. అతని కన్నులలో ప్రేమయు భయమును ఒకేచోట కనబడును. ఆమెను కొట్టిన మెరాబ్ పాత్రను డేల్ డికీ పోషించెను. కొట్టిన ముఖమే చెరువు నడుమ కర్తవ్యమును నెరవేర్చు ముఖముగా మారుట చూచి మేము విస్తుపోతిమి. వీరిరువురకును 2011లో స్వతంత్ర చిత్రములకిచ్చు స్పిరిట్ బహుమానములు సహాయపాత్రలకు లభించినవి. చెల్లెలి పాత్ర ధరించిన బాలిక వంటి స్థానికులు కొందరు ఇందులో నటించిరి. సైన్యమునకు మనుష్యులను చేర్చుకొను అధికారిగా కనబడినది నిజముగా ఆ పనిలోనున్న ఉద్యోగియే. అందువలన నటన యేదో జీవితమేదో వేరుచేయుట కష్టము.

ఇక మా ప్రశ్నకు వత్తుము. ఆ కొండవాసులు దుర్మార్గులని ఒక్కమాటలో త్రోసివేయుటకు వీలులేదు. పొరుగింటి స్త్రీ ఆ పిల్లల ఆకలి చూచి మాంసమును, కూరగాయలను తెచ్చియిచ్చును. అన్నము పెట్టిన చేయియు, గుట్టు దాచిన చేయియు ఒక్క వంశమువే. ప్రభుత్వము దూరమున నుండి, కష్టమునకు చుట్టములే దిక్కైనచోట మౌనము ఒక కోటగోడ వంటిది. దానిని కూల్చినవానికి తలదాచుకొనుటకు చోటు మిగులదు. మరియు గుట్టు విప్పిన ప్రతివాడును ధర్మాత్ముడు గాడు. జెస్సప్ నోరు విప్పినది సత్యము కొరకు గాదు, తన శిక్షను తగ్గించుకొనుటకు.

మన గ్రంథములలో విభీషణుని చూడుడు. అతడు మొదట అన్న ఎదుట నిండు కొలువులో హితము చెప్పెను. అది చెల్లనప్పుడే లంకను విడిచెను. అతనిని భక్తులలో నెన్నుదుము గాని, బిడ్డకు విభీషణుడని పేరుపెట్టువారు మనలో అరుదు. అంతకంటె మాకు దారి చూపినది సభాపర్వమందలి ప్రహ్లాదుని కథ. ద్రౌపది ప్రశ్నకు భీష్మాదులు బదులు చెప్పక కూర్చుండగా విదురుడు ఈ కథను చెప్పును. ప్రహ్లాదుని కుమారుడు విరోచనునకును, సుధన్వుడను బ్రాహ్మణునకును, ప్రాణములు పణముగా ఎవరు అధికులను వాదము వచ్చెను. తీర్పు చెప్పుటకు వారు ప్రహ్లాదునే ఆశ్రయించిరి. ఒకవైపు కన్నకొడుకు ప్రాణము, మరియొకవైపు సత్యము. అతడు కశ్యపుని అడుగగా, నిందింపదగినదానిని నిందింపని సభలో పాపమున సగము పెద్దకును, పాతిక చేసినవానికిని, తక్కిన పాతిక ఊరకున్న సభ్యులకును చెందునని ఆ ముని తెలిపెను. ప్రహ్లాదుడు కొడుకునకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. ఆ నిజాయితీకి మెచ్చి సుధన్వుడు విరోచనుని ప్రాణమును అతనికే విడిచెను.

ఈ పాపపు లెక్క చదివినప్పుడెల్ల మా చేతికి సిరా అంటినట్లు తోచును. 1991లో మనవారు కొందరు కలిసి ఒక చీటీ నడపిరి. పెద్దమనిషి యొకడు దానికి కర్త. సాయంకాలములందు పద్దులు వ్రాసినవారము మేము. అప్పడములొత్తి అమ్ముకొను వితంతువు ఒకతె మాసమాసము తప్పక కట్టెను. కుమార్తె పెండ్లికి ఆమెకు రావలసిన 9,000 రూపాయలు కర్త తన వ్యాపారమున వాడుకొనెను. ఆమె పంచాయతికి వచ్చి అడిగెను. “పోలీసుల వరకు పోయినచో ఈ ఊరిలో మన తెలుగువారి పరువేమి కావలెను?” అని పెద్దలనిరి. ఆమె కట్టిన సొమ్ము అంతయు జమలేదని తేల్చిరి. ఆమె మావైపు చూచి, “బాబూ, మీరు వ్రాసినారు గదా, మీరైనా చెప్పండి” అనెను. మేము తలవంచుకొని యుంటిమి. ఆ పెండ్లి ఆ యేట జరుగలేదు. ఆమె ఇల్లమ్ముకొని విజయనగరము వైపు, అన్నగారి యింటికి వెడలిపోయెను.

2004లో ఆ కుమార్తె మాకు రైలులో తటస్థపడెను. నమస్కరించి, “ఆరోగ్యమెట్లున్నది, మావయ్యగారూ?” అని యడిగెను. తల్లి గతించినదని చెప్పెను. చీటీ మాట ఎత్తలేదు. ఆమె చిరునామా తెలిసికొని, మా జీతమునుండి కూడబెట్టిన 9,000 రూపాయలు మనియార్డరులుగా పంపితిమి. అవి తిరిగి వచ్చినవి. పుచ్చుకొనుటకు ఒప్పుకొనలేదని వానిపై వ్రాసియుండెను.

ఆ చిత్రమును చూచిన రాత్రి మాకు బోధపడినదిది. మౌనము ధర్మమా అధర్మమా అని మాత్రమే అడుగుట చాలదు. ఆ మౌనమునకు మూల్యమెవరు చెల్లించుచున్నారని అడుగవలెను. కొండవాసుల మౌనమునకు మూల్యము చెల్లించినది పదునేడేండ్ల పిల్ల. మన పరువునకు మూల్యము చెల్లించినది అప్పడములొత్తు వితంతువు. బలవంతుని తప్పును కప్పుటకు బలహీనుని ఇల్లు తీసి పరచినచో, దానిని పరువనరాదు. గుట్టు నాలుగు గోడల మధ్య ఉండవలెనన్నచో, ఆ గోడల మధ్యనే సత్యము చెప్పబడవలెను, అప్పు తీర్చబడవలెను. అది జరుగనిచోట, గుట్టు కాచినవాడు తప్పులో పాలివాడే. ఇక ప్రాణహాని వంటి ఘోరమును ఏ గోడయు దాచరాదు; దానికి న్యాయస్థానమే దిక్కు.

చిత్రము చివర ఆ పిల్ల తమ్ముని, చెల్లెలిని ఇరువైపుల కూర్చుండబెట్టుకొనియుండును. పరుల యెదుట మన పరువు నిలుపుమని మన పిల్లలకు నేర్పుచున్నాము; మంచిదే. ఆ పరువునకై మనలోని పేదను బలియీయరాదనియు నేర్పుదము. ఆ చీటీ పద్దు పుస్తకము నేటికిని మా పెట్టెలో నున్నది. ఆమె కట్టిన ప్రతి కంతును మా చేతివ్రాతలో, తేదీతో సహా అందులో జమయై యున్నది. కర్తయు, నాటి పెద్దలును గతించిరి. చూడగోరిన యే యువకునికైనను దానిని విప్పి చూపుటకు మేము సిద్ధము.