మనసుకు పూచీకత్తు

సిరిగేరిలో మా అక్కావాళ్ళ ఇంటి నడవలో, గోడకు ఆనుకొని కూర్చొని మా మేనల్లుడు ల్యాప్‌టాప్ ముందు పెట్టుకొని ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు. ఒక శబ్దం పైకి పోతుంది, ఇంకొకటి కిందికి దిగుతుంది. ఏది ముందు వచ్చిందో, ఏది వెనక వచ్చిందో మీట నొక్కి చెప్పాలి. సరిగా చెప్పేకొద్దీ శబ్దాల వేగం పెరుగుతుంది, తెర మీద అంకె పెరుగుతుంది. రోజుకు ఒక గంట ఇదే పని. ఆ సాయంత్రం అంకె బాగా పైకి పోయింది. నేను వీపు తట్టి, "భేష్‌రా అల్లుడా" అన్నాను. అతను హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, "మార్కులు పెరిగినాయి మామా. నాకేం పెరిగింది?" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో పని చేస్తున్న మనిషిని. అంకె పెరిగితే సంతోషపడటం నా వృత్తి. ఆ రోజు మాత్రం జవాబు దొరకలేదు. బి.కాం. చదివినవాణ్ణి, వైద్యుణ్ణి కాను, వేదాంతినీ కాను. అయినా ఆ ప్రశ్న వైద్యులను అడిగింది కాదు, నన్ను అడిగింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. అతనికి పంతొమ్మిదో ఏట, బళ్ళారిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా జబ్బు మొదలైంది. గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. నిద్ర పోయింది, తిండి తగ్గింది, పుస్తకం తెరిచి అదే పుట గంటలకొద్దీ చూస్తుండేవాడు. ఇంట్లో దిష్టి అన్నారు, గాలి అన్నారు, మొక్కులు మొక్కారు. చదువుకున్నవాణ్ణి, నేను చెప్పవలసింది వేరు. కాని నేను మా అక్కకు చెప్పిందేమంటే, "ఈ మాట బయటికి పొక్కనీకు. పెద్దపిల్ల సంబంధం కుదరనీ" అని. పెళ్ళి బాగానే జరిగింది. అతను డాక్టరు ముందు కూర్చునేసరికి పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. సైకోసిస్ మొదలైనప్పటి నుంచి వైద్యం మొదలయ్యేదాకా కాలం ఎంత సాగితే, కోలుకోవడం అంత కష్టమవుతుందని తరువాత తెలుసుకున్నాను. ఆ పద్నాలుగు నెలలు నా ఖాతాలో రాసుకున్నాను. అవి ఇంకా తీరలేదు.

సిగ్గుపడవలసిన విషయం ఇంకొకటి ఉంది. పిచ్చాసుపత్రి గోడల వెనక దాచిన వైద్యాన్ని పల్లెకు తెచ్చే ప్రయత్నం దేశంలో జిల్లా స్థాయిలో మొదట జరిగింది మా జిల్లాలోనే. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దాన్ని ఒక జిల్లా మొత్తంలో నడిపి చూడటానికి బెంగుళూరు నిమ్హాన్స్ వారు ఎంచుకున్నది బళ్ళారి. 1985 నుంచి 1990 దాకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మనోవ్యాధులను గుర్తించి మందులు అక్కడే ఇచ్చే ఏర్పాటు చేశారు. దాన్నే 'బళ్ళారి నమూనా' అన్నారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే ఆధారం. మొదటి విడత జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ కూడా ఉంది. దేశానికి దారి చూపిన జిల్లాలో పుట్టి పెరిగి, నేను మా అక్కకు చూపించిన దారి మొక్కుబడుల దారి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మనోరోగులు మంటల్లో చనిపోయినప్పుడు పత్రిక చదివి కన్నీరు పెట్టుకున్నవాణ్ణే. గొలుసు ఇనుముదే కానక్కర లేదని అప్పుడు తట్టలేదు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం సైకోసిస్ ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి వైద్యం అందడం లేదు. ఆ ముగ్గురి వెనకా నాలాంటి మేనమామలు ఎందరుంటారో!

మందులతో మావాడికి గొంతులు తగ్గాయి. అనుమానం తగ్గింది. మేమంతా గండం గట్టెక్కిందనుకున్నాం. కాని అతను మునుపటివాడు కాలేదు. అంగడికి పంపితే నాలుగు వస్తువుల్లో రెండు మరచిపోతాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏ మాటా పట్టుకోలేడు. ఏ పని ముందు, ఏది తరువాత అని తేల్చుకోలేక నిలబడిపోతాడు. మేము సోమరితనం అనుకున్నాం, తిట్టాం కూడా. అది కూడా జబ్బులో భాగమేనని, మందులు గొంతులను అణచినంత బాగా ఈ మందగింపును తీర్చలేవని డాక్టరు చెప్పేదాకా తెలియదు. చదువు ఆగిపోవడానికి, ఉద్యోగం నిలవకపోవడానికి చాలామందిలో పెద్ద కారణం ఇదేనట.

దీనికోసం వచ్చిందే కంప్యూటరు సాధన. మెదడు వాడకం వల్ల మారుతుంది, కొత్త అలవాట్లు నేర్చుకోగలదు అన్న నమ్మకం దీని పునాది. కాలిఫోర్నియాలో ఒక పరిశోధక బృందం 2009లో స్కిజోఫ్రీనియా ఉన్న 55 మందితో జరిపిన అధ్యయనాన్ని ప్రచురించింది. కొందరు 50 గంటలు శబ్దాల సాధన చేశారు, మిగిలినవారు అంతే సేపు మామూలు కంప్యూటరు ఆటలు ఆడారు. సాధన చేసినవారికి విన్న మాటలు గుర్తుంచుకోవడం మెరుగైంది. 2015లో ప్రచురించిన మరో అధ్యయనంలో, జబ్బు కొత్తగా వచ్చిన 86 మంది యువతీయువకులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, ఇంటి దగ్గర 40 గంటల సాధనకు ఏర్పాటు చేశారు. జ్ఞాపకం, చిక్కులు విప్పుకొనే శక్తి పెరిగాయి. రోజువారీ బతుకులో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మావాడు అడిగిన ప్రశ్న ఆ పరిశోధకుల లెక్కల్లోనూ ఉందన్నమాట.

అలాగని సాధన వృథా కాదు. అమెరికాలోనే పిట్స్‌బర్గ్‌లో జబ్బు తొలి సంవత్సరాల్లో ఉన్న 58 మందితో జరిగిన రెండేళ్ళ అధ్యయనం 2009లో వెలువడింది. అక్కడ కంప్యూటరు సాధనతోపాటు చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, ఎదుటివాడి మాట వెనక భావం పట్టుకోవడం, నలుగురిలో మెలగడం నేర్పారు. వారిలో జీతం వచ్చే పనుల్లో నిలిచినవారు ఎక్కువ. 2021లో 130 అధ్యయనాలను, 8,851 మందిని కలిపి చూసిన సమీక్ష కూడా తేల్చిందేమంటే, సాధన వల్ల మేలు ఉంది గాని, పక్కన శిక్షణ పొందిన మనిషి ఉండి నడిపిస్తే, నేర్చినదాన్ని బతుకులోకి తెచ్చే దారి చూపిస్తే ఆ మేలు ఎక్కువ అని. యంత్రం అంకెను పెంచగలదు. దాన్ని అన్నంగా మార్చడానికి మనిషి కావాలి.

ఇక్కడ మనలాంటివారికి ఇంకొక చిక్కు ఉంది. మావాడు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కంప్యూటరులో ఇంగ్లీషు. దగ్గర దగ్గర శబ్దాలను వేరుచేసి చెప్పమన్నప్పుడు అవి ఇంగ్లీషు నోటి శబ్దాలు. అతను తడబడితే ఆ తడబాటు మనసుదా, భాషదా? సరిహద్దు జిల్లాల్లో పుట్టిన పిల్లల తెలివిని కొలిచే ప్రతివారూ ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది. 1953లో గీసిన గీతకు ఇటు మిగిలిన మన ఇళ్ళల్లో, మంచి మార్కులు వచ్చే భాష ఒకటి, ఏడుపు వచ్చే భాష ఇంకొకటి.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం ఈ పిల్లలను బాగుచేయాలనుకుంటాం. ఎవరికోసం? నాకు మునుపటి మేనల్లుడు కావాలి, ఫస్టు క్లాసు తెచ్చుకొనేవాడు. మా అక్కకు అదేమీ అక్కర లేదు. "వాడు కండ్ల ముందర ఉండాడు, అది చాలు. వాణ్ణి సతాయించొద్దురా తమ్ముడూ" అంటుంది. చాలాకాలం ఆమెది ప్రేమ, నాది ఆశ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే రెండింట్లోనూ లోపం ఉంది. నేను అతని విలువను అతని సామర్థ్యంతో కొలిచాను. ఆమె అతని నుంచి ఏమీ ఆశించకుండా, అతను ఏమీ చేయలేడని తీర్మానించేసింది. ఏమీ అడగని ప్రేమలో మనిషి క్షేమంగా ఉంటాడు గాని, పనికిరానివాడుగా ఉంటాడు. ఆ మాట అతనే ఒకనాడు ఆమెతో అన్నాడు.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో, 1992లో, నాబార్డు ఒక ప్రయోగం మొదలుపెట్టింది. 500 స్వయం సహాయక సంఘాలకు పూచీకత్తు లేకుండా అప్పు ఇప్పించడం దాని లక్ష్యం. పొలం లేని ఆడవాళ్ళు, సంతకం రానివాళ్ళు. మేము కొందరం నవ్వుకున్నాం. అంతదాకా మాకు తెలిసిన నియమం ఒక్కటే: ముందు ఆస్తి చూపించు, తరువాత నమ్ముతాం. ఆ ఆడవాళ్ళు చూపించింది తలకిందులు. ముందు నమ్మితే, నిభాయించే శక్తి తరువాత వచ్చింది. ఆ అప్పులు తిరిగి కట్టినవాళ్ళను నా కళ్ళతో చూశాను.

జబ్బుపడి లేచిన కుర్రవాణ్ణి మనం పూచీకత్తు అడుగుతున్నాం. ముందు నీ జ్ఞాపకం ఇంత అని చూపించు, నీ ఏకాగ్రత ఇంత అని చూపించు, అప్పుడు పని ఇస్తాం అంటున్నాం. అతను తెర ముందు ఆస్తి కూడబెడుతూనే ఉంటాడు, మనం ఇంకా చాలదంటూనే ఉంటాం. పాశ్చాత్య దేశాల్లో 1990ల నుంచి మరో పద్ధతి నడుస్తోంది: ముందు నిజమైన పనిలో పెట్టి, పక్కన ఒకరు ఉండి, ఆ పనిలోనే తర్ఫీదు ఇవ్వడం. తర్ఫీదు అయ్యాక పని చూద్దామన్న పాత పద్ధతికన్నా ఇందులోనే ఎక్కువమందికి ఉద్యోగాలు దొరికాయి. అంటే సాధన ఉండాలి, కాని అది ప్రవేశ రుసుము కాకూడదు.

చెప్పడం తేలిక. మా బంధువుల బియ్యం మిల్లులో అతన్ని మూటల లెక్క రాసే పనికి పెట్టించాను. మొదటి వారంలోనే ఒక రోజు పదకొండు మూటలు రాయడం మరచిపోయాడు. మిల్లు యజమాని చెడ్డవాడు కాదు. "పాపమే గానీ అన్నా, నా మూటలకు జవాబు ఎవరు?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. జాలి కింద అతన్ని నష్టపోమనడానికి నాకు హక్కు లేదు.

ఆ రాత్రి ఆలోచిస్తే మా బ్యాంకే గుర్తొచ్చింది. మా దగ్గర ఒకరు రాసినదాన్ని ఇంకొకరు సరిచూడకుండా పెద్ద లావాదేవీ ఏదీ ముందుకు పోదు. ఇనప్పెట్టెకు తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఎందుకు? ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా మరచిపోతాడని, పొరపడతాడని అందరికీ తెలుసు గనుక. నా ఉద్యోగంలో నేను చేసిన ఎన్ని తప్పులను పక్క కుర్చీలోనివారు పట్టుకున్నారో లెక్క లేదు. దాన్ని ఎవరూ జాలి అనలేదు, పద్ధతి అన్నారు. మనందరికీ పక్కన ఒక కన్ను పెట్టుకొని, అతన్ని మాత్రం ఒంటరి మెదడుతో నెగ్గుకురమ్మనడం ఏ న్యాయం? మరునాడు యజమానితో మాట్లాడాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు అతను రాస్తాడు, సాయంత్రం గుమాస్తా అతనితో కూర్చొని చూస్తాడు. ఆ అరగంట ఖర్చు యజమానిదే కాకూడదు, అందులో మేమూ పాలు పంచుకుంటున్నాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మనోవ్యాధిని కూడా లెక్కలోకి తీసుకొని ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా చూపింది. కాని సిరిగేరిలో ఉద్యోగాలంటే ప్రభుత్వానివి కావు. మిల్లులవి, అంగళ్ళవి, పొలాలవి. అక్కడ చట్టంకన్నా ముందు మనం పోవాలి.

ఇంకొక్క మాట. నిమ్హాన్స్‌లో ఇలాంటి సాధనలు కంప్యూటరు లేకుండా కూడా చేయిస్తారు. జబ్బు మొదటిసారి వచ్చినవారికి ఇంటి దగ్గరే, ఇంటివారి సాయంతో రెండు నెలలు చేయించిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది; దృష్టి నిలపడం, పని ఆలోచించి చేయడం మెరుగుపడ్డాయి. అక్కడి అభ్యాసాల్లో ఒకటి కలిసిపోయిన గింజలను వేరుచేయడం. ఈ సంగతి చెబితే మా అక్క నవ్వింది. "దీనికి బెంగుళూరు పోవల్నా?" అని చేటలో బియ్యం పోసి అతని ముందు పెట్టింది. తుంగభద్ర కాలువ కింద పండిన బియ్యం. ఇద్దరూ రాళ్ళు, వడ్లగింజలు ఏరుతూ కూర్చుంటారు. "ఇదైతే వండుకుంటాం గదా మామా" అన్నాడు అతను.

అప్పటినుంచి అతన్ని అంకెలు అడగడం మానేశాను. నీకేం కావాలి అని అడిగాను. అంతవరకు ఎవరమూ అడగలేదు. చాలాసేపు ఆలోచించి చెప్పాడు: సిరిగేరి క్రాసులో బస్సెక్కి ఒక్కడే సిరుగుప్పకు పోయి, అమ్మ బి.పి. మాత్రలు మరచిపోకుండా తేవాలట. నాకు కావలసిన ఫస్టు క్లాసుకు, దీనికి ఎంత దూరం! ల్యాప్‌టాప్ మళ్ళీ తనే తీశాడు, ఈసారి తన పనికోసం.

పాఠకుల్లో ఎవరింట్లోనైనా ఇలాంటి పిల్లవాడో పిల్లో ఉంటే, పెళ్ళి సంబంధం అయ్యాక చూద్దామనుకోవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416కు ఫోను చేస్తే పలు భారతీయ భాషల్లో ఉచితంగా మాట్లాడతారు. అది మొదటి మెట్టు మాత్రమే. తక్కిన మెట్లు మన నడవల్లో, మన అంగళ్ళలో ఉన్నాయి.

మొన్న అతను మాత్రలు తెచ్చాడు. చిల్లర లెక్క రెండు రూపాయలు తేడా వచ్చింది. నేను అడగలేదు. తనే కూర్చొని రెండుసార్లు లెక్కపెట్టి, "మామా, నువ్వొకసారి చూడు" అని నా చేతిలో పెట్టాడు.