ఉంచుకునే హక్కు

పోయిన దసరా దాటాక హైదరాబాద్ నుంచి ఒకాయన మా ఇంటికొచ్చి బండి చూసి వెళ్లాడు. ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్. బాపు 1989లో సెకండ్ హ్యాండ్ కొన్నాడు. వచ్చినాయన చుట్టూ తిరిగాడు, వంగి కింద ఫ్లోర్ చూశాడు, బానెట్ ఎత్తాడు. నేను అడగకుండానే ఒక రేటు చెప్పాడు. నేను ఊహించినదానికి రెండింతలు. "ఏమనుకోకండి, మీ చేతిలో ఇది చచ్చిపోతోంది. నాకివ్వండి, షోరూం నుంచి దిగినట్టు చేస్తాను" అన్నాడు. ఫోన్లో తన దగ్గరున్న నాలుగు పాత బండ్ల ఫోటోలు చూపించాడు. వాటి రంగులో మొహం చూసుకోవచ్చు.

కోపం రావాల్సింది, రాలేదు. ఆయన చెప్పింది నిజం. 2023 జూలై వానలకు హంటర్ రోడ్ వైపు కాలనీలు మునిగినప్పుడు మా బండి కూడా రెండు రోజులు నీళ్లలో నిలబడింది. అప్పట్నుంచి ఫ్లోర్‌ను తుప్పు తింటూనే ఉంది. మొత్తం కోయించి కొత్త రేకు వేయించే స్తోమత లేక, ఈ ఏడాది డ్రైవర్ వైపు, వచ్చే ఏడాది అవతలి వైపు అని వాయిదాల్లో చేయిస్తున్నాను. ఏడాదికి ముప్పై వేలు దాటకూడదని నా లెక్క. తుప్పుకి నా లెక్కతో పని లేదు.

ఆయన వెళ్లిపోయాక ఒక ప్రశ్న మిగిలింది. ఒక వస్తువు మీద నిజంగా ప్రేమ ఉంటే, నాకన్నా బాగా చూసుకోగలిగినవాడు వచ్చినప్పుడు ఇచ్చెయ్యాలి కదా? ఇవ్వనంటే, అది ప్రేమా, "నాది" అనే పట్టుదలా?

నా నోటికి ముందు వచ్చిన జవాబు: ఇది బాపు బండి. కానీ ఆ మాట ఎంతవరకు నిజం? బాపుకి ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. బండి మీద పెట్టిన ప్రతి రూపాయీ, తేదీతో సహా, అందులో రాసేవాడు. ఆయన పోయాక నేను రాస్తున్నాను. ఆ పుస్తకం ప్రకారం ఇంజన్ రెండుసార్లు బోర్ అయింది. గేర్‌బాక్స్ మారింది, రేడియేటర్ మారింది, వైరింగ్ మొత్తం మారింది. రెండు డోర్లు చెన్నై పుదుపేట నుంచి వచ్చాయి, కార్బొరేటర్ సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి. రంగు మూడుసార్లు. మొదట్నుంచీ ఉన్నవి పైకప్పు, స్టీరింగ్, ముందు కిటికీల పక్కన తిప్పుకునే చిన్న మూడు మూలల అద్దాలు, ఇంకొన్ని రేకులు. మా మేస్త్రి ఒకసారి నవ్వుకుంట అన్నాడు: "సార్, లెక్క తీస్తే ఇండ్ల మీ బాపు కొన్న బండి ఇంత, నేను పెట్టిన బండి అంత. కాగితాలు మాత్రం మీ పేరు మీదున్నయ్."

ఇది పాత చిక్కే. పలకలన్నీ ఒక్కొక్కటిగా మారిపోయిన థీసియస్ ఓడ అదే ఓడా అని గ్రీకులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. మనకు దగ్గరి కథ మిలిందపన్హలో ఉంది. రథమెక్కి వచ్చిన మిలింద రాజుని నాగసేనుడు అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు. అవన్నీ కుప్ప పోస్తే రథమా? అదీ కాదు. అవి ఒక తీరున కూడినప్పుడు మనం పెట్టుకునే పేరు రథం. చదివినప్పుడల్లా నాకు మా బండే గుర్తొస్తుంది. కాకపోతే ఈ రెండు కథల్లోనూ ఒక మనిషి కనబడడు. ఓడకు పలక మార్చిన వడ్రంగి, రథం ఇరుసుకి నూనె పెట్టినవాడు. వాళ్ల కూలి ఎవరిచ్చారో ఎక్కడా లేదు. "అదే బండా" అని అడగడానికైనా ముందు ఎవరో ఒకరు దాన్ని నడిచేలా ఉంచాలి కదా.

మా బండిని అలా ఉంచినవాడు మేస్త్రి. ములుగు రోడ్డు వైపు ఆయన షెడ్డు. అరవై దాటాయి. కాంటాక్ట్ పాయింట్ల సందు సరిగా ఉందో లేదో ఇంజన్ చప్పుడు విని చెప్తాడు. కుర్లాలో ప్రీమియర్ కంపెనీ పద్మిని తయారీ ఆపి పాతికేళ్లు కావస్తోంది. ముంబై రోడ్ల మీద ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్‌లో దిగిపోయింది. ఆ టాక్సీలు తిరిగినన్నాళ్లు పార్టులకు గిరాకీ ఉండేది. ఇప్పుడు క్లచ్ ప్లేట్ దొరికినా కథలా చెప్పుకుంటాం. మేస్త్రికి ఈ విద్య నేర్పడానికి పిల్లలెవరూ రాలేదు. హైదరాబాద్ ఆయన షెడ్డులో మాత్రం ముగ్గురు కుర్రాళ్లు నేర్చుకుంటున్నారట. ఈ లెక్కలోనూ మార్కులు ఆయనకే పడ్డాయి.

మరి నా వైపు ఏముంది?

హన్మకొండలో పెరిగినవాళ్లకి వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం సంగతి తెలుసు. 1163 నాటి రుద్రదేవుడి గుడికి ఎదురుగా ఉండే ఆ మండపాన్ని పురావస్తు శాఖ వాళ్లు విప్పి, రాళ్లకు నంబర్లు వేసి పెట్టారు. మళ్లీ కట్టి తెరిచింది 2024 మార్చిలో. మధ్యలో పదిహేనేళ్లకు పైగా గడిచాయి. నా ఇరవైలు, ముప్ఫైలు ఆ రాళ్లను చూస్తూనే పోయాయి. రాళ్లున్నాయి, వాటి మీద నంబర్లున్నాయి, మండపం లేదు. నాగసేనుడి మాట నాకు అక్కడ అర్థమైంది. తిరిగి కట్టినప్పుడు పాడైన రాళ్ల చోట కొత్తవి పెట్టారు. మొన్న అమ్మని తీసుకుపోతే ఆమె ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అది పాతదా కొత్తదా అని ఆమె చూడలేదు.

కట్టడాలు బాగుచేసేవాళ్లకు ఒక నియమం ఉంది. 1964 వెనిస్ చార్టర్‌లో రాసుకున్నారు: కొత్తగా పెట్టిన ముక్క మొత్తంలో ఇమిడిపోవాలి, కానీ అసలుదానికీ దానికీ తేడా తెలియాలి. లేకపోతే అది చరిత్ర గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. నా బండికి ఈ నియమం పేదరికం వల్ల అమలవుతోంది. పుదుపేట డోర్ల రంగు మిగతా బండి రంగుతో ఇప్పటికీ పూర్తిగా కలవదు. షోరూం నుంచి దిగినట్టు చెయ్యడమంటే 1984 తర్వాత ఏమీ జరగలేదని చెప్పడమే.

ఇది మంచి వాదనే. రెండు రోజులు దాన్ని పట్టుకుని తృప్తిగా తిరిగాను. తర్వాత అనుమానం వచ్చింది. డబ్బుంటే నేనూ డోర్ల రంగు కలిపేవాణ్ణే కదా. చేతకానిదాన్ని సిద్ధాంతం చేసుకోవడం మనకు బాగా అలవాటు. పైగా చరిత్రని కాపాడుతున్నానంటూ ఫ్లోర్ ఊడిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఏం కాపాడటం?

ఇంకో దారిలో ఆలోచించాను. ఆయన నాలుగు బండ్లూ ఏం చేస్తున్నాయి? షెడ్డులో ఉంటాయి, ఏడాదికోసారి ర్యాలీకి వెళ్తాయి, పెళ్లికి ముందు ఫోటోలకి అద్దెకిస్తాడు. మన చట్టం కూడా పాత బండిని అలాగే చూస్తుంది. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, కానీ ఆ తర్వాత దాన్ని రోజువారీ పనులకు నడపకూడదు. గౌరవం ఇచ్చి పని మాన్పించడం. మా బండి ఆదివారం అమ్మని భద్రకాళి గుడికి తీసుకుపోతుంది. నెలకోసారి పరకాల దగ్గర మా ఊరికి పోయి బియ్యం బస్తాతో తిరిగొస్తుంది. దాని పని అది చేసుకుంటోంది. నా హక్కు ఏదైనా ఉంటే ఇక్కడే ఉందనిపించింది. నడుపుతున్నాను కాబట్టి ఉంచుకున్నాను.

అయితే నడిపితే పొగ వస్తుంది.

పొల్యూషన్ చెక్‌కి వెళ్లినప్పుడల్లా సైలెన్సర్లో గొట్టం పెడతారు. నా బండి లాంటి పాతవాటికి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఉండొచ్చు. ఇప్పటి పెట్రోల్ కార్లకు ఆ హద్దు 0.3 శాతం. అంటే చట్టమే నాకు పది రెట్ల మినహాయింపు ఇచ్చింది. పాసయ్యానని కాగితం ఇస్తారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగితే, వెనక ఆటోలో చంటిపిల్లతో కూర్చున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం అద్దంలో కనబడుతుంది.

కొత్త కారు తయారీకి బోలెడు ఉక్కు, కరెంటు ఖర్చవుతాయి కాబట్టి పాతదాన్ని నడపడమే భూమికి మేలని మావాళ్లు వాదిస్తారు. తక్కువ తిరిగే బండి విషయంలో అందులో కొంత నిజముంది. కానీ అది భూమి మొత్తానికి వేసే లెక్క. ఆటోలో ఉన్నావిడ పీల్చేది భూమి సగటుని కాదు, నా సైలెన్సర్ పొగని. బాపు మీద నాకున్న ప్రేమకి ఆమె ఎందుకు చందా కట్టాలి?

ఇక్కడ నాకు సౌకర్యమైన జవాబు దొరకలేదు. నడపకపోతే ఉంచుకోవడానికి అర్థం లేదు. నడిపితే ఖర్చు నేనొక్కణ్ణే భరించడం లేదు. ఈ రెండూ నిజమే. ప్రేమ ఎంతుందన్నది ఈ లెక్కలోకి రాదని మాత్రం తేలింది. ఎంత ప్రేమ ఉన్నా రీడింగ్ ఒక్క పాయింటు తగ్గదు. కార్బొరేటర్ శుభ్రం చేయించి, ప్లగ్గులు మార్పించి, మేస్త్రితో ట్యూనింగ్ పెట్టిస్తే తగ్గుతుంది. పోయిన నెల 2.4 నుంచి 1.7కి దిగింది. ఫ్లోర్ పని కోసం దాచిన డబ్బులోంచి 6,500 దీనికి పోయాయి. మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "పాసయింది గద సార్, ఇంకెందుకు?" అన్నాడు. చౌరస్తా సంగతి చెప్పాను. ఏమనలేదు, ఇంకో పావుగంట స్క్రూ తిప్పుతూ కూర్చున్నాడు.

హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేసి ఇప్పుడు కాదన్నాను. ఎప్పుడు అని అడిగాడు. నిజాయితీగా చెప్పాల్సి వచ్చింది. సిగ్నళ్ల మధ్య తిప్పడం మానేశాను, ఆఫీసుకి బైక్ మీదే పోతున్నాను. అమ్మ ఇక గుడికి రాలేనన్న రోజు, లేదా రీడింగ్ 2 కిందికి తేలేకపోయిన రోజు, లేదా మేస్త్రి షెడ్డు మూసిన రోజు, బండి నా దగ్గర ఊరికే నిలబడి ఉంటుంది. నిలబెట్టే ఉంచాల్సి వస్తే నాకన్నా ఆయనే బాగా నిలబెడతాడు. అప్పుడు రేటు గురించి మాట్లాడనని కూడా చెప్పాను. ఒక్క షరతు: నోట్‌బుక్ కూడా బండితో పాటే వెళ్తుంది, పారెయ్యకూడదు.

ఆయన నంబర్‌ని ఆ నోట్‌బుక్ ఆఖరి పేజీలో రాసి పెట్టాను. అమ్మ చూసి "ఎవరిదిరా ఈ నంబరు?" అంది. బండి గురించి అడిగినాయనది అన్నాను. "అమ్ముతున్నవా?" అంది. ఇప్పుడైతే లేదన్నాను. ఆమె కాసేపాగి, "మీ బాపు కూడ కొన్న దినం నుంచి అమ్ముతా అమ్ముతా అనెటోడే" అని లోపలికి పోయింది.