ఇస్లాహ్

డిగ్రీలో ఉండగా తెలుగులో వ్యాసం రాయమన్నారు. ఇంట్లో ఉర్దూ, క్లాసులో తెలుగు. నా వాక్యాలంటే నాకే భయం. ఓ మిత్రుడికి చూపించాను. "ఇటివ్వరా, నేను సరిచేస్తా" అన్నాడు.

మర్నాడు ఆ కాగితాల్లో తప్పుల్లేవు. మా ఇల్లూ లేదు. అమ్మీ 'మాతృమూర్తి' అయింది. నేలమీద పరిచే దస్తర్‌ఖాన్ 'భోజనాల బల్ల' అయింది. పైన పేరు మాత్రం నాదే. మంచి మార్కులొచ్చాయి. ఎవరికి వచ్చాయి?

సాయం అడగడం తప్పు కాదు. ఉర్దూ కవిత్వంలో దాన్ని ఇస్లాహ్ అంటారు. షాగిర్దు రాసింది ఉస్తాదు దిద్దుతాడు. 1854లో జౌక్ చనిపోయాక బహదూర్ షా జఫర్‌కి గాలిబ్ ఉస్తాదయ్యాడు. దిద్దించుకోవడం పాదుషాకే నామోషీ కాలేదు. కానీ ఇస్లాహ్‌లో షాగిర్దు ఊరికే ఉండడు. ఈ మాట ఎందుకు కొట్టేశారని అడుగుతాడు, నేర్చుకుంటాడు. నేను అడగలేదు. వాళ్ల తెలుగే తెలుగనుకున్నాను. మిత్రుడి తప్పు కొంతే. మిగతాది నాది.

ఇప్పుడు మా పిల్లలు వ్యాసాలు పట్టుకుని నా దగ్గరికొస్తారు. పక్కన కూచోబెట్టుకుంటాను. ఒత్తులు దిద్దుతాను, విభక్తులు దిద్దుతాను, ఎందుకో చెబుతాను. అమ్మీని మాత్రం ముట్టుకోను.